బుజ్జికి తోడు తెచ్చిన పాపం

ప్రశ్న: ఈ దేశానికి వచ్చి ఏడు నెలలైంది. గదిలో ఒక్కణ్ణే ఉంటాను. తోడుగా ఉంటుందని రెండు వారాల కిందట ఒక లెపర్డ్ గెక్కోని, అంటే ఒక రకం పెంపుడు బల్లిని, తెచ్చుకున్నాను. పెద్దదే. తొమ్మిది రోజులుగా ఏమీ తినడం లేదు. ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుందేమో అనిపిస్తోంది. ఇంకోదాన్ని తేనా?

తేకు తమ్ముడూ. ఈ ఒక్క మాట చెవిన వేసుకుంటే చాలు, మిగతాది తీరిగ్గా చదువుకో.

నీ ఉత్తరంలో గెక్కో గురించి నాలుగు ముక్కలున్నాయి, నీ గది గురించి, నీ ఆదివారాల గురించి రెండు పేజీలున్నాయి. నవ్వుకున్నాను, కానీ ఎగతాళిగా కాదు. 19 ఏళ్ల కిందట నేనూ అంతే. మా ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు, కారు నడపడం రాదు, బయట మోకాలి లోతు మంచు. అమ్మతో మాట్లాడదామంటే అక్కడ అర్ధరాత్రి. పగలంతా ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే. మీకిప్పుడు చేతిలో ఫోను, ఫోనులో అమ్మ మొహం ఉన్నాయి కదా, అయినా దిగులేనా అని అడగబోయి ఊరుకున్నాను. దిగులు దిగులే.

అలాంటి రోజుల్లో ఎదురింటావిడ ఇల్లు ఖాళీ చేస్తూ గాజు తొట్టెతో సహా ఒక గెక్కోని నా చేతిలో పెట్టి పోయింది. "ఆడది, నెమ్మదస్తురాలు" అని కూడా చెప్పింది. ముందు భయపడ్డాను, బల్లే కదా! తర్వాత ఒళ్లంతా పసుపు మీద నల్లమచ్చలు, బొద్దు తోక చూసి ముచ్చటేసింది. గోడ మీద పాకే బల్లికి రెప్పలుండవు, దీనికి ఉన్నాయి. వేళ్ల కింద అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గాజు మీదికి ఎక్కలేదు. నాలుక చాపి తన కన్ను తనే నాక్కుని, రెప్పలు మూసుకుని పడుకుంటుంది. బుజ్జి అని పేరు పెట్టాను. పేరు పెట్టాక ఇంకేముంది, ఇరుక్కుపోయినట్టే.

నా మొదటి తప్పు తిండి దగ్గరే. ఇవి సంధ్యవేళ బయటికి వచ్చే జీవాలు. దీపం తీసేసిన కాసేపటికి బుజ్జి గూట్లోంచి తల బయటపెట్టేది. పురుగుని వదిలితే అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, మెడ చాచి, తోక చివర మాత్రం సన్నగా వణికిస్తూ, ఠక్కున పట్టేది. చూశావా ఆ తోక వణుకు? చూడకపోతే ఈసారి చూడు. రోజు మొత్తం మీద ఇంకో ప్రాణి నాకోసం కదిలేది ఆ రెండు నిమిషాలే. అందుకని రోజూ పెట్టేదాన్ని. అదీ వ్యాక్స్‌వార్మ్‌లు. తేనెపట్టులో మైనం తిని బలిసే పురుగులవి, ఒళ్లంతా కొవ్వే. వాటిని బుజ్జి ఎగబడి తినేది కదా అని నేను మురిసిపోయేదాన్ని. పెద్ద గెక్కోకి వారానికి రెండు మూడు సార్లు పెడితే చాలు, రోజూ కావలసింది పిల్లలకి. నాలుగు నెలలకి తోక మెడకన్నా రెండింతలైంది, చంకల్లో బుడగల్లా కొవ్వు తేలింది, కీచురాయిని ముందు పెడితే మొహం తిప్పుకునేది. ఆ అలవాటు మాన్పించడానికి మూడు వారాలు పట్టింది. అది అలిగి కూర్చుంది, నేను ఏడ్చాను, చివరికి ఒక రాత్రి కీచురాయిని పట్టింది. నా ఒంటరితనాన్ని దాని నోట్లో కుక్కానని అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

నువ్వు మామూలుగా పెట్టాల్సినవి కీచురాళ్లు, పెంపకపు బొద్దింకలు. మీల్‌వార్మ్‌లు మధ్యమధ్యలో, వ్యాక్స్‌వార్మ్ ఎప్పుడో ఒకసారి. పురుగు పొడవు గెక్కో రెండు కళ్ల మధ్య దూరానికి మించకూడదు. కూరగాయ ముక్కలు పెట్టానని రాశావు. తీసెయ్, అది పురుగులు మాత్రమే తింటుంది. ఆ ముక్కలేవో ఒక రోజు ముందు కీచురాళ్లకి పెట్టు, వాటి కడుపులోని బలమే దీనికి అందుతుంది. తినకుండా మిగిలిన కీచురాళ్లని రాత్రంతా తొట్టెలో వదలకు, నిద్రపోతున్న గెక్కోని అవే కొరుకుతాయి. పెరట్లో దొరికిన పురుగులు అసలు వద్దు, ఏ మందు తాగి వచ్చాయో తెలియదు.

ఇంక నీ గెక్కో ఎందుకు తినడం లేదు? నువ్వే రాశావు, చదువుకుంటే నీకే తెలిసేది: "ఆఫీసుకెళ్లేప్పుడు హీటరూ, తొట్టె కింద వేడి మ్యాటూ ఆపేసి వెళ్తాను." ఇది తన ఒంటి వేడి తాను పుట్టించుకోలేని జీవి. నేల వెచ్చగా లేకపోతే తిన్నది అరగదు, అరగదని దానికి తెలుసు కాబట్టి తినదు. తొట్టెలో ఒక పక్క నేల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, రెండో పక్క 25 దగ్గర, కావలసిన చోటికి అదే జరుగుతుంది. రాత్రి కాస్త తగ్గినా ఫరవాలేదు, పగలు ఆపకూడదు. మ్యాట్‌కి థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా చూసే మీట, తప్పనిసరి. గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటర్‌ని నమ్మకు, తీగ చివర ఉండే సెన్సర్ నేల మీదే పెట్టి చూడు. నా బుజ్జికి పొట్ట కింద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, థర్మోస్టాట్ లేని మొదటి చలికాలం గుర్తుగా.

కొత్త చోటికి వచ్చిన గెక్కో మొదటి రెండు వారాలు తిండి తగ్గించడం మామూలే. నువ్వేమో వచ్చిన రోజు నుంచీ చేతిలోకి తీసుకుని వీడియోలు తీస్తున్నావు. కొన్నాళ్లు ముట్టుకోకు.

సరే, అసలు విషయానికి వస్తాను. నేనూ నీలాగే అనుకున్నాను, పాపం ఇది ఒక్కతే ఉంది, పలకరించేవాళ్లు లేరు అని. చిట్టి అని ఇంకోదాన్ని తెచ్చాను. మొదటి రెండు రోజులు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే ఎంత మురిసిపోయానో! అది ముద్దు కాదు, వెచ్చటి చోటు కోసం ఒకదాన్నొకటి అణచడం. మూడో రాత్రి ఏదో కొట్టుకుంటున్న చప్పుడికి లేచి దీపం వేశాను. తొట్టె మధ్యలో తోక ఒక్కటే పడి ఉంది, చేపపిల్లలా ఎగిరెగిరి పడుతోంది. చాలాసేపు ఆగలేదు. మూలన బుజ్జి, వెనక భాగం మొండిగా, కళ్లు మూసుకుని. నేను నేల మీద కూలబడి మా ఆయన్ని గట్టిగా పిలిచాను.

డాక్టరు బుజ్జిని బోర్లించి, వెనక కాళ్ల మధ్య వి ఆకారంలో ఉన్న చుక్కల వరుస చూపించారు. అది మగవాటి గుర్తు. చిట్టికీ అదే వరుస. రెండు మగవాటిని ఒకే తొట్టెలో పెట్టానన్నమాట! ఆడవైనా ఒకటి రెండోదాని తిండి, చోటు లాక్కుంటుంది. ఆడా మగా అయితే ఆడదాని ప్రాణం తోడేస్తుంది మగది. ఇవి ఒంటరిగా బతికే జీవాలు, ఆ ఒంటరితనం వాటికి హాయి. కొత్త తోక మొలిచింది, కాకపోతే మొద్దుగా, పాత కణుపులు లేకుండా నున్నగా ఉంది. తోకంటే దాని కొవ్వు నిల్వ, తోక పోవడమంటే కష్టకాలానికి దాచుకున్నది పోవడమే. చిట్టిని తెలిసినవాళ్లకి ఇచ్చేశాను.

క్యాల్షియం సంగతి మరిచిపోయేలా ఉన్నాను. కీచురాళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం తక్కువ. అందుకే గ్లాసులో చిటికెడు క్యాల్షియం పొడి, పురుగులు వేసి ఒకసారి కుదిపి పెట్టాలి. విటమిన్ డి3 కలిసిన పొడి డబ్బా మీద రాసినంతే, ఎక్కువైనా హానే. క్యాల్షియం అందకపోతే ఎముకలు మెత్తబడి దవడ జారుతుంది, కాళ్లు వంకర పోతాయి. తొట్టెలో ఇసుక వద్దు, తిండితో పాటు మింగితే పేగులో అడ్డం పడుతుంది. తడి నాచు వేసిన మూత డబ్బా ఒకటి, పక్కన చిన్న కంత పెట్టి, లోపల ఉంచు. కుబుసం విడిచేది అందులోనే. వేళ్లకి చర్మం చుట్టుకుని మిగిలితే రక్తం ఆడక వేలు పోతుంది, ప్రతిసారీ చూసుకో. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే క్రిమి ఉండవచ్చు. అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువుల సంగతి, మీ ఊరి నిబంధనలు నువ్వే చూసుకో, అవి ఎక్కడికక్కడ వేరు.

బుజ్జి ఇంకా ఉంది, ఆడది కాదని తెలిశాక కూడా పేరు మార్చలేదు. సరిగ్గా చూస్తే ఇవి 15, 20 ఏళ్లు బతుకుతాయి. అంటే నువ్వు ఇళ్లు మారతావు, ఉద్యోగాలు మారతావు, పెళ్లి చేసుకుంటావు, ఇది నీతోనే ఉంటుంది. అది నిన్ను గుర్తుపడుతుందా అంటే, నీ చేయి తెలుస్తుంది, వెచ్చగా ఉంటుంది కాబట్టి వచ్చి కూర్చుంటుంది. ప్రేమ అనుకోవాలంటే అనుకో, నేను అనుకుంటూనే ఉన్నాను. కానీ ఆదివారం పూట అది నీతో కబుర్లు చెప్పదు. పురుగుల కోసం వెళ్లినప్పుడు అక్కడున్నవాళ్లతో నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడు. నాకు ఈ దేశంలో మొదటి స్నేహితురాలు దొరికింది కీచురాళ్ల డబ్బా పట్టుకుని వరసలో నిలబడినప్పుడే.

ఈ రాత్రి మ్యాట్ వేసి ఉంచు. గ్రాముల్లో తూచే వంటింటి కాటా ఒకటి తెచ్చి, చిన్న డబ్బాలో దాన్ని కూర్చోబెట్టి తూకం వెయ్యి, అంకె గోడ క్యాలెండర్ మీద రాయి. వారానికోసారి అదే రోజు, అదే వేళకి. మొదటి అంకెలో పదో వంతు తగ్గినా, తోక సన్నబడినా, రెట్టలో తేడా కనిపించినా నాకు రాస్తూ కూర్చోకు, సరీసృపాలని చూసే డాక్టరు దగ్గరికి తాజా రెట్ట ఒక డబ్బాలో పట్టుకుని వెళ్లు. తగ్గకపోతే వచ్చే ఆదివారం నాకు ఆ అంకె రాయి. కింద నీ సంగతులు కూడా, రెండు పేజీలైనా సరే.