చిట్టీ, ఆ కంప్లైంటు ఇచ్చే ముందు ఇది చదువు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పక్క ఫ్లాట్ వాళ్ళ కుక్కల మీద నువ్వు పోలీసు కంప్లైంటు ఇవ్వబోతున్నావట, "నువ్వైనా చెప్పు వదినా, అది నా మాట వినదు" అని ఒకటే గోల. నేను సరే చెప్తాలే అని పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. ఐదో తరగతిలో నీ జామెట్రీ బాక్సు ఎవరో తీసుకుంటే ఇంట్లో చెప్పడానికి మూడు నెలలు పట్టింది నీకు, అది కూడా మా ఊరికి సెలవులకొచ్చినప్పుడు, రాత్రి డాబా మీద పడుకుని, నా చెవిలో చెప్పావు. ఆ పిల్ల ఇవాళ పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతానంటోందంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అంతకంత భయమూ వేసింది. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను, ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "సరే అత్తా, సరే అత్తా" అంటావు.

నీ బాధ నాకు తెలుసమ్మా. రాత్రంతా ఆ అమెరికా వాళ్ళ షిఫ్టు చేసి పొద్దున్న ఆరింటికి పడుకుంటే, తొమ్మిదింటికి పక్కవాళ్ళు ఆఫీసుకి వెళ్ళడం, బాల్కనీలో ఆ రెండూ మొదలుపెట్టడం, మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి వాళ్ళు తాళం తీసేదాకా అదే పాట. మీ మామయ్య గూడ్సు గార్డు కదా, ఆయనకీ పగలే రాత్రి. నిద్రలేని మనిషికి ఎదుటివాళ్ళ మీద ఎంత కోపం వస్తుందో ఆయన్ని చూశాను, నన్ను నేనూ చూసుకున్నాను.

ముందు మామూలు సంగతులు. ఏ రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగిందో ఒక పుస్తకంలో రాసుకో. ఫోన్లో రెండు మూడు వీడియోలు తీసిపెట్టుకో. అసోసియేషన్ సెక్రటరీకి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకో. అప్పటికీ కాకపోతే 100కి ఫోన్ చెయ్యి, తప్పులేదు. ఇవి నీకు తెలియనివి కావు.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, నన్ను పడుకోనివ్వనిది అదే. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెద్దమనిషి "బిస్కెట్లో కాస్త ఏదైనా కలిపి పడేస్తే రెండ్రోజుల్లో ప్రశాంతం" అని పెట్టాడట, పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారట. నువ్వు పెట్టావా? పెట్టలేదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. ఆ మెసేజీ కింద నువ్వొక్కదానివే అయినా సరే "ఇది తప్పు" అని రాయి, ఇవాళే రాయి. కుక్కకి విషం పెడితే ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు. సెక్షన్ సంగతి అలా ఉంచు. రేపు ఆ కుక్కల్లో ఒకటి నిజంగానే చచ్చిపడితే, నెల రోజులుగా కంప్లైంటు కంప్లైంటు అని తిరుగుతున్నది ఎవరు? అందరి వేళ్ళూ నీ వైపే. అందుకే చెప్తున్నాను, వాళ్ళనడగకుండా జాలిపడి కూడా గ్రిల్లులోంచి ఏమీ వెయ్యకు, పెరుగన్నం ముద్ద కూడా వద్దు. చెయ్యి అసలే పెట్టకు. ఒకవేళ పన్ను గీరుకున్నా, సబ్బు పెట్టి పంపు కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే వెళ్ళి సూది వేయించుకోవాలి. వాళ్ళ కుక్కలకి టీకాలు వేయించారో లేదో నీకేం తెలుసు? నాకు ఈ భయం ఎక్కువని మీరంతా అంటారు. ఉండనీ.

ఇంక నేను చేసింది చెప్తాను. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1991లో మీ మామయ్యకి ట్రాన్స్‌ఫర్ అయి గోదావరి జిల్లాలో ఒక ఊరికి వెళ్ళాం. ఊరి పేరు వద్దులే. అద్దె ఇల్లు, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ, గోడకి అవతల పక్కవాళ్ళ పెరడు. ఆ పెరట్లో జామచెట్టుకి గొలుసుతో కట్టేసిన కుక్క. ఆవిడ భర్త కువైట్‌లో ఉండేవాడు, వెళ్ళే ముందు ముచ్చటపడి తెచ్చిన కుక్క అది. ఆవిడ పొద్దున్నే బట్టల కొట్లో పనికి వెళ్ళిపోయేది, పిల్లాడు బడికి, ఇంట్లో ముసలి అత్తగారు ఒక్కత్తే. కుక్క పొద్దుటి నుంచి అరిచేది. కాసేపు గట్టిగా, తర్వాత గొంతు పోయి కీచుగా, మళ్ళీ గట్టిగా. మీ మామయ్య తలమీద దిండు వేసుకుని దొర్లేవారు. మీ బావ అప్పుడు ఎనిమిది నెలల పిల్లాడు, వాడూ ఉలిక్కిపడి లేచేవాడు. నాలుగు నెలలు భరించాం. భరించాం అంటున్నాను గానీ, రోజూ గోడ మీంచి అరిచేదాన్ని, ఆ ముసలావిడ వినీ విననట్టు లోపలికి పోయేది. ఒక్కరోజైనా సాయంత్రం వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి కూర్చుని మాట్లాడలేదు.

చివరికి ఒక అర్జీ రాశాను. నా చేతిరాత బాగుంటుందని తెలుసుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, వీధిలో ఇల్లిల్లూ తిరిగి పదకొండు సంతకాలు చేయించి మున్సిపాలిటీలో ఇచ్చి వచ్చాను. ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో.

ఆ రోజుల్లో కుక్కల బండి అంటే ఏంటో నీకు తెలియదు. 2001లో రూల్సు మారి, ఆపరేషన్ చేసి టీకా వేసి తెచ్చిన చోటే వదలాలి అనేదాకా, చాలా ఊళ్ళలో పట్టుకున్న కుక్కల్ని చంపేసేవాళ్ళే. నాకు తెలియదా అంటే, తెలుసు. ఆలోచించలేదు, అంతే.

వారం తర్వాత మధ్యాహ్నం బండి వచ్చింది. పక్కావిడ పనికి వెళ్ళింది, ముసలావిడ నిద్రపోతోంది. బండి మనిషి నన్నే అడిగాడు, "దీనికి బిళ్ళ ఉందా అమ్మా?" అని. మెడలో మున్సిపాలిటీ బిళ్ళ లేకపోతే అది వాళ్ళ లెక్కలో వీధి కుక్కే. నేను "బిళ్ళా లేదు, దాన్ని పట్టించుకునేవాళ్ళూ లేరు" అన్నాను. చిట్టీ, నేనన్నది ఆ ఒక్క మాటే. అతను లోపలికి వెళ్ళి గొలుసు విప్పాడు. విప్పగానే అరుపు ఆగిపోయింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఎవరో వచ్చి కట్టు విప్పారు కదా, అది తోకాడించుకుంటూ, అతని కాళ్ళకి అడ్డం పడుతూ, బండి దాకా తనంతట తనే నడిచి వెళ్ళింది.

మీ మామయ్య ఆ రోజు సాయంత్రం దాకా హాయిగా పడుకున్నారు. లేచాక చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు ఏ చప్పుడూ లేకపోయినా ఆయన నిద్రపోలేదు.

రెండ్రోజులయ్యాక బావ టవలు గాలికెగిరి వాళ్ళ పెరట్లో పడితే తీసుకుందామని వెళ్ళాను. అప్పుడు చూశాను, జామచెట్టు చుట్టూ నేల గానుగ తిరిగినట్టు గుండ్రంగా అరిగిపోయి ఉంది, గడ్డిపరక లేదు, గొలుసు ఎంతవరకు వస్తుందో అంతవరకు. ఆ గుండ్రానికి జానెడు బయట సత్తు గిన్నె. నిండా నీళ్ళు. గిన్నె వైపు నేలమీద గోళ్ళ గీతలు, ఒకదాని మీద ఒకటి, సాలు తీసినట్టు. ఆ ముసలావిడకి కుక్కంటే భయమట, మెట్ల దగ్గర నుంచే కర్రతో గిన్నె తోసేదట. కర్ర అక్కడిదాకానే అందేది. రోజూ నీళ్ళు పెట్టాననే అనుకునేది ఆవిడ. నాలుగు నెలలు గోడ మీంచి అరిచిన నేను, ఒక్కసారి మెడ కిందికి వంచి చూసి ఉంటే ఆ జానెడు కనిపించేది. కాలితో ఒక్క తోపు తోస్తే సరిపోయేది.

తర్వాత పాలమనిషి చెప్పింది, కువైట్ నుంచి అతను ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపేవాడని, ఒక్కో క్యాసెట్ చివర "రాజూ, రాజూ" అని కుక్కని పేరుపెట్టి పిలిచేవాడని, పిల్లాడు టేప్‌రికార్డర్ ఎత్తుకెళ్ళి జామచెట్టు దగ్గర పెట్టి వినిపించేవాడని. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. అర్జీ ఎవరు రాశారో ఆవిడకి తెలుసు, ఊళ్ళో ఆ చేతిరాత ఇంకెవరికీ లేదు.

నీ సంగతికి వస్తాను. వాళ్ళిద్దరూ చిన్నవాళ్ళే అంది మీ అమ్మ, ముప్ఫై దాటి ఉండవట. నాకేమనిపిస్తోందంటే, వాళ్ళకి ఆ అరుపుల సంగతి తెలియనే తెలియదు. యజమాని ఇంట్లో ఉంటే కుక్క ఎందుకు అరుస్తుంది? వదిలేసి వెళ్ళాకే కదా దాని ఏడుపు. అందుకని ఆ వీడియో బెదిరించడానికి వాడకు, చూపించడానికి వాడు. రాత్రి ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని అలసిపోయి లిఫ్టు దిగుతున్నప్పుడు పట్టుకోకు. ఆదివారం పదకొండింటికి, అల్లుణ్ణి కూడా తీసుకుని వెళ్ళు. ముందు కుక్కల పేర్లు అడుగు. తర్వాత వీడియో పెట్టు.

వాటిలో ఒకటి హస్కీ అట కదా. మంచుదేశం కుక్క, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. కుక్కలకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే వాటి చల్లదనం. హైదరాబాద్ ఎండలో పడమటి బాల్కనీలో, పన్నెండు గంటలు! పగలు హాల్లో ఉంచమను, ఫ్యాన్ వేసి వెళ్ళమను. బాల్కనీ గ్రిల్లుకి కింద సగం దాకా ఆకుపచ్చ వల కట్టిస్తే రోడ్డు మీద వచ్చేపోయే వాళ్ళు కనపడక సగం అరుపులు తగ్గుతాయి. పొద్దున్నా సాయంత్రం బయట తిప్పే కుర్రాళ్ళు దొరుకుతున్నారు మీ ఊళ్ళో, ఒకణ్ణి పెట్టుకోమను. నీళ్ళకి ప్లాస్టిక్ డబ్బా వద్దు, తన్నేస్తాయి, బరువైన మట్టి తొట్టి పెట్టమను.

అప్పటికీ వినకపోతే కాగితం పెట్టు. అందులో "కుక్కల్ని ఇంట్లోంచి తీసేయాలి" అని మాత్రం రాయకు. పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది, ఆ ఒక్క వాక్యంతో నీ అర్జీ పక్కన పడేస్తారు. జంతువుల్ని హింసించకుండా ఆపే 1960 చట్టం సంగతి రాయి. భరతనాట్యం కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుబట్టగా వచ్చిన చట్టం అది. ఎప్పుడూ కట్టేసిన కుక్కని, ఇరుకులో బంధించిన కుక్కని తిప్పకపోవడం, చాలినంత తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా యాభై రూపాయలకి మించదు, ఇప్పటికీ అంతే, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా కేసు అనేసరికి మనుషులు కదులుతారు. ఇళ్ళున్న చోట శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 దాటకూడదని 2000లో వచ్చిన రూల్సు కూడా ఉన్నాయి, అవీ రాయి. నీ నిద్ర గురించి ఒక పేరా, కుక్కల ఎండ గురించి ఒక పేరా. రెండూ ఉండాలి.

ఇంతా రాశాక, నిద్రలేక ఎలా ఉన్నావో అడగనే లేదు. కళ్ళకింద నల్లగా ఉందని మీ అమ్మ అంది. ఈ వారం పగలు మీ ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళి పడుకో, మొహమాటపడకు. దసరాకి వస్తున్నాను, సున్నుండలు తెస్తాను, రెండు డబ్బాలు. ఒకటి పక్కింటి వాళ్ళకి.

ఆదివారం దాకా ఆగక్కర్లేదు, రేపు పొద్దున్న పడుకునే ముందు ఒక్కసారి బాల్కనీలోకి వెళ్ళి అటు చూడు. నీళ్ళ గిన్నె ఎక్కడుందో, అందులో ఏమైనా ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య