డిస్నీ ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాంపింగ్ స్థలానికి అంత అద్దె గిట్టుబాటేనా?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ ఆవరణలో 1971 నుంచి నడుస్తున్న ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో డేరా గానీ క్యాంపింగ్ వాహనం గానీ నిలుపుకునే స్థలం అద్దె పెరుగుతూ వచ్చి, క్రిస్మస్ వంటి రద్దీ రోజుల్లో రాత్రికి 200 డాలర్లు దాటుతోంది. డిస్నీ థీమ్ పార్కుల కోసమే వెళ్లే పెద్ద కుటుంబానికి ఆ ధర గిట్టుతుందనీ, చెట్ల మధ్య ప్రశాంతంగా గడపడానికే వెళ్లేవారికి గిట్టదనీ నా అభిప్రాయం.

ఒక్కో స్థలంలో 10 మంది వరకు ఉండవచ్చు కనుక, రెండు హోటల్ గదులు తీసుకోవలసిన కుటుంబానికి ఒకే అద్దెతో సరిపోతుంది. నీళ్లు, కరెంటు, బొగ్గుల పొయ్యి, భోజనాల బల్ల స్థలంతోపాటే వస్తాయి. అక్కడే వండుకుంటే పార్కుల్లో తిండి ఖర్చు బాగా తగ్గుతుంది. రేవులో పడవ ఎక్కితే నేరుగా ఆ థీమ్ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ ముందు దిగవచ్చు; అతిథులకు పార్కుల వద్ద మామూలు పార్కింగ్ రుసుము ఉండదు, పైగా అరగంట ముందే లోపలికి అనుమతిస్తారు. చిన్నపిల్లలున్నవారికి ఆ అరగంట ఎంతో విలువైనది.

అయితే సుమారు 750 ఎకరాల ఆవరణలో తిరగడానికి బస్సు కోసం ఎదురుచూడాలి, లేదా గోల్ఫ్ కార్టుకు విడిగా అద్దె కట్టాలి. దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. కేవలం ప్రకృతి కావాలనుకుంటే, ఓర్లాండోకు ఉత్తరాన ఉన్న వెకైవా స్ప్రింగ్స్ స్టేట్ పార్కులో చాలా తక్కువకే స్థలం దొరుకుతుంది.