మొమయ్యెజ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మొర్తెజా మొమయ్యెజ్ మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. చాలా సమాచారం పోగేశావు, సంతోషం. కానీ మొదటి వాక్యంలోనే ‘ఇరాన్ గ్రాఫిక్ డిజైన్ పితామహుడు’ అనేశావు. అక్కడివాళ్ళు ఆయన్ని అలాగే పిలుస్తారు, నిజమే. ఆ బిరుదు ఎందుకొచ్చిందో తెలియని తెలుగు పాఠకుడికి మాత్రం అది ఒట్టి సన్మానపత్రంలా వినిపిస్తుంది. తీసెయ్.

నా అసలు అభ్యంతరం వేరే. ఆయన పాఠాలు చెప్పారన్న సంగతిని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. వ్యాసం మొత్తం నిలబడాల్సింది దాని మీదే కదా! టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో ఆయన చదివింది పెయింటింగ్. 1965లో పట్టా పుచ్చుకున్నారు. 1968లో ప్యారిస్‌లో అలంకరణ కళల విద్యాలయంలో చదువు ముగించుకుని వచ్చాక, తాను చదివిన చోటే గ్రాఫిక్ డిజైన్ కోర్సు పెట్టించి, అక్కడే ఏళ్ళ తరబడి బోధించారు. పోస్టర్లు గీస్తూ హాయిగా బతకగలిగిన మనిషి క్లాసురూములో అంత కాలం ఎందుకు గడిపాడు? ఈ ప్రశ్న పట్టుకుని రాయి.

ఇంకోటి. బొమ్మల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయావు గానీ ఒక్క బొమ్మ దగ్గరా ఆగలేదు. 1961లో మొదలైన ‘కెతాబె హఫ్తె’ అనే వారపత్రిక సంగతే తీసుకో. కవి అహ్మద్ షామ్లూ దానికి సంపాదకుడు. మొమయ్యెజ్ అప్పటికింకా విద్యార్థే. అందులోని కథలకు ఆయన వేసిన బొమ్మలు కాసేపు తదేకంగా చూడు. నల్ల సిరా, తెల్ల కాగితం, అంతే. చెక్క మీద ఉలితో చెక్కినట్టుండే గీతలు. మామూలు కాగితం మీద అచ్చేస్తే బూడిదరంగు ఛాయలు అలుక్కుపోతాయి, నల్లటి గీత మాత్రం నిలబడుతుంది. ప్రతి వారం అచ్చుకు అందించాల్సిన టెన్షన్ ఒకటి. ఆ చెయ్యి అలా తయారవడంలో ఈ రెండింటి పాత్రా ఉందని నా నమ్మకం. ఒకే ఒక్క బొమ్మ ఎంచుకుని, ముఖంలో ఎంత భాగం తెల్లగా వదిలేశారో రాయి. అది పది అవార్డుల పేర్లకంటే ఎక్కువ చెబుతుంది.

లిపి గురించీ ఒక పేరా కావాలి. పర్షియన్ అక్షరాలు కుడి నుంచి ఎడమకు, ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. నస్తాలీఖ్ అనే చేతిరాత శైలిలోనైతే మాట వాలుగా కిందికి జారుతుంది. సీసపు అచ్చుల్లో దాన్ని కూర్చడం మహా కష్టం. విడివిడిగా నిలబడే రోమన్ అక్షరాలతో ప్యారిస్‌లో నేర్చుకున్న పద్ధతిని తెచ్చి టెహ్రాన్‌లో అలాగే దించేస్తే కుదరదు. పోస్టర్ మీద పేరు ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచీ కొత్తగా ఆలోచించాల్సిందే. ఆయన తరం ఎదుర్కొన్న అసలు సమస్య ఇదే.

1970ల్లో ఆయన ప్రదర్శించిన కత్తులనూ వదిలేశావు. మొనలు కిందికి పెట్టి వేలాడదీసిన కత్తుల కింద చూసేవాళ్ళు నిలబడాలి. దాని అర్థం నువ్వు విప్పి చెప్పొద్దు. వర్ణించి వదిలెయ్.

1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత, 1980లో విశ్వవిద్యాలయాలు మూతబడి, సుమారు మూడేళ్ళు తెరుచుకోలేదు. కోర్సు పెట్టించిన మనిషికి అది ఎంత దెబ్బో పాఠకుడికి తట్టాలి. ఆయన మాత్రం ఆ పనిని విడిచిపెట్టలేదు. 1997లో ఇరాన్ గ్రాఫిక్ డిజైనర్ల సంఘం ఏర్పడినప్పుడు ముందు నిలబడిందీ ఆయనే. 2005లో పోయారు.

తేదీల దగ్గర జాగ్రత్త. ఇరాన్ సంవత్సరం మార్చిలో నౌరూజ్ అనే కొత్త ఏడాది పండగతో మొదలవుతుంది కాబట్టి వాళ్ళ ఒక్క ఏడు మన క్యాలెండర్లో రెండేళ్ళ మీద పరుచుకుంటుంది. ఆయన పుట్టిన ఏడు ఒకచోట 1935, ఇంకోచోట 1936 అని కనిపిస్తే కంగారుపడకు, నెల చూసి తేల్చుకో.

పేజీ పెట్టేవాళ్ళకు నా మాటగా ఒకటి చెప్పు. పర్షియన్ మాటలు టైపు చేసి పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు విడిపోయి, తిరగబడిపోతాయి. ఆయన మీద రాసిన వ్యాసంలోనే అలా జరిగితే నాకు చాలా బాధేస్తుంది. అచ్చుకు వెళ్ళేముందు ఆ పేజీని పర్షియన్ చదవగలిగిన ఎవరికైనా చూపించి, చుక్కలతో సహా సరిచూడమని అడుగు.

ఇట్లు,
మీ అన్నయ్య