పూతను చూసి ఈఎంఐకి సంతకం చేయకండి

ప్రశ్న: నాకు 160 అవకాడో చెట్లున్నాయి, నాటి ఆరేళ్లు. నిరుడు పూత విరగబూసినా, వానలు ముఖం చాటేయడంతో సగానికి పైగా పిందె రాలిపోయింది. ఎండాకాలంలో ఉన్న బోరు చాలడం లేదు. పర్సనల్ లోన్‌తో ఇంకో బోరు వేయించి, కాపు డబ్బుతో మూడేళ్లలో తీర్చేద్దామనుకుంటున్నాను. కాగితాలు సిద్ధం, సంతకమే మిగిలింది. ఎఫ్‌డీ ఉంది గానీ దాన్ని కదపను. మా వైపు ఏడాది మొత్తం మీద వర్షం బాగానే పడుతుంది.

జవాబు: తోటలు పెట్టినవాళ్ల నుంచి ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తుంటాయి. అందుకే మీది తీసుకున్నాను. తప్పు అందరిదీ ఒకటే: మంచి ఏడాది కాపును చూసి నెలవారీ వాయిదా తలకెత్తుకోవడం.

‘ఏడాది మొత్తం మీద’ అన్న మాట దగ్గరే మీ లెక్క తప్పింది. అవకాడో పీల్చువేళ్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి, వాటికి నీరు పీల్చే సన్నటి వేరునూగు దాదాపు ఉండదు. ఒక్కరోజు కుండపోతను ఆ చెట్టు దాచుకోలేదు. నీరు నిలిస్తే వేరుకుళ్లు, పూత పిందె దశలో తడి అందకపోతే రాలుడు. ఇక నీటి లెక్క చూడండి. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. 16 చదరపు మీటర్ల మేర కొమ్మలు పరుచుకున్న చెట్టుకు అందులో 70 శాతమే వేసుకున్నా 56 లీటర్లు. 160 చెట్లకు రోజుకు దాదాపు 9,000 లీటర్లు. మూడు నెలలు చినుకు పడకపోతే 8 లక్షల లీటర్లు. వాయిదా ఎంతో లెక్కేశారు, ఇది వేయలేదు.

లోన్ సంగతి. 36 వాయిదాలకు మీ చేతికొచ్చేవి మూడు కాపులు. అవకాడో ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గడం మామూలే. లక్షల్లో పూసే చెట్టుకు వందకు ఒక్క పువ్వు కూడా కాయగా నిలవదు. దాన్ని చూపించి బ్యాంకుకు మాటిస్తారా? ఒక్క కాపు తప్పితే 12 వాయిదాలకు డబ్బు ఎక్కడిది? అక్కడి నుంచి క్రెడిట్ కార్డు గీకడం మొదలవుతుంది. పైగా కొత్త బోరులో నీళ్లు పడతాయన్న హామీ లేదు. పడినా రెండు బోర్లూ ఒకే నీటిపొరను లాగితే పాతదీ తగ్గుతుంది. బోరు ఎండినా వాయిదా మాత్రం ఎండదు.

మీకు ముందు కావలసింది అత్యవసర నిధి. నెలజీతం వాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాం, మీకు చాలదు. ఒక కాపు పోయిందంటే, అంతకు ముందు కాపు డబ్బు చూశాక మళ్లీ డబ్బు చూసేది రెండేళ్లకు. మొదటి ఏడాది ఆ పాత కాపు డబ్బుతో గడిచినా రెండో ఏడాది ఖాళీ. అందుకని ఆ ఏడాదికి మరో ఆరు నెలలు కలిపి 18 నెలల ఇంటి ఖర్చు, దాని మీద ఒక ఎండాకాలం నీటి ఖర్చు: ట్యాంకర్లు, డీజిల్, మోటారు రీవైండింగ్. (ఆ మోటారు సరిగ్గా పూత టైమ్‌లోనే కాలుతుంది, ఎందుకో!) మీరు కదపనంటున్న ఎఫ్‌డీ సరిగ్గా దీనికే. బోరు కోసం దాన్ని విరగ్గొట్టమనడం లేదు. మూడు ముక్కలు చేసి, ఒకటి ఎప్పుడంటే అప్పుడు చేతికందేలా పెట్టుకోండి. తక్కువ పడినంత మేర ఈసారి కాపు డబ్బులోంచి ముందు అక్కడే వేయండి, ఆ తర్వాతే మిగతావి.

ఈ సీజన్‌కు చెట్టు మొదలుకు తగలకుండా 10–15 సెంటీమీటర్ల మందాన ఆకులు, గడ్డి కప్పండి. డ్రిప్‌తో కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వండి. ఉన్న నీళ్లు పూత, పిందె రోజులకు దాచండి. వాన నీరు నిలిపే కుంట తవ్వించుకోవడమూ మంచిదే. నిధి నిండాక కూడా బోరే కావాలనుకుంటే భూగర్భజల సర్వే చేయించి, కాపుకోసారి కట్టే రుణం చూడండి.

టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా సంగతి రాయలేదు. లేకపోతే బోరు కన్నా ముందు అవి. ఆ లోన్ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టకండి.