మోచేయి కీలు తప్పితే కట్టు ఎన్నాళ్లు ఉంచాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. వాలీబాల్ ఆడుతుంది. పది రోజుల కిందట ఆటలో పడబోయి చేయి నేలకు ఆనించడంతో మోచేయి కీలు తప్పింది. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి సరిచేశారు. ఎముక విరగలేదట. ఇప్పుడే కట్టు తీసి చేయి కదిలించమంటున్నారు. మళ్లీ తప్పదా? ఇంకో నెల ఉంచమందామా? ఆపరేషన్ అవసరమా?

- ఒక పాఠకురాలు

సలహా: మీ డాక్టర్ మాటే వినండమ్మా. భుజం ఒకసారి జారితే, ఈ వయసు వాళ్లలో పదేపదే జారుతుంటుంది. అందుకే మోచేయి విషయంలోనూ చాలామంది భయపడతారు. కానీ మోచేతిలో ఎముకలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు అమరి ఉంటాయి. ఎముక విరగకపోతే, సరిచేశాక మళ్లీ తప్పడం అరుదు. అసలు ప్రమాదం బిగుసుకుపోవడం. మూడు వారాలు దాటి కట్టులోనే ఉంచితే చేయి పూర్తిగా చాచలేకపోవచ్చు. తర్వాత దాన్ని సరిచేయడం కష్టం.

అయితే కీలు సరిచేశాక మళ్లీ ఎక్స్‌రే తీశారో లేదో కనుక్కోండి. ముంజేతి ఎముకల పైకొసల్లో చిన్న ముక్క విరిగినా మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. అనుమానం ఉంటే సీటీ స్కాన్ చేస్తారు. అలా విరిగి ఉన్నా, చేయి చాచేటప్పుడు కీలు పక్కకు జారుతున్నా అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఎముకలను కలిపి పట్టి ఉంచే స్నాయువులు (లిగమెంట్లు) తెగాయన్న ఒక్క కారణంతో అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కీలు తప్పినప్పుడు అవి ఎంతో కొంత దెబ్బతినే ఉంటాయి, చాలామందికి వాటంతటవే మానుతాయి.

వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టించండి. అమ్మాయి తన బలంతోనే చేయి మడవాలి, చాచాలి. ఎంతవరకు చాచాలో, అరచేయి ఎటు తిప్పి ఉంచాలో వాళ్లు చూపిస్తారు. త్వరగా రావాలని ఎవరూ పట్టి లాగకూడదు, గట్టిగా మర్దన అసలే వద్దు. దానివల్ల కండలో ఎముక పెరిగి కీలు ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉంది. చివరి కొన్ని డిగ్రీలు చాచడం రాకపోయినా ఆటకు పెద్దగా అడ్డు కాదు.

స్మాష్‌లు కొట్టడానికి మాత్రం సుమారు మూడు నెలలు ఆగాలి. నొప్పి లేకుండా, రెండో చేతితో సమానంగా బలం వచ్చాకే కోర్టులోకి పంపండి.

ఈలోగా చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కినా, చేయి చల్లబడి పాలిపోయినా, వాపు, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.