పాత లేత్ యంత్రాన్ని లారీలో దూరం పంపాలంటే చూసుకోవలసినవి

మీరు అడిగింది ఇది: దాదాపు 700 కిలోల పాత లేత్ యంత్రాన్ని (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) 1800 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్త యజమానికి లారీలో పంపాలి, పార్ట్ లోడుగా, అంటే ఇతరుల సరుకుతో కలిపి పంపితే కిరాయి తగ్గుతుంది కానీ క్షేమంగా చేరుతుందా, లేక మొత్తం లారీ మాట్లాడుకోవాలా, కట్టడంలోనూ కాగితాల్లోనూ ఏం చూసుకోవాలి? నేను పాత యంత్రాలను కొని, బాగుచేసి, అమ్మే పనిలో ఉన్నాను కనుక ఇలాంటి లోడులు చాలాసార్లు పంపాను, అందుకున్నాను. వాటిలో ఒకటి పగిలి వచ్చింది. దాని గురించే కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు పాటించే జాగ్రత్తల్లో చాలావరకు అప్పుడు నేర్చుకున్నవే.

ట్రాన్స్‌పోర్టు వాళ్లను అందరూ ముందు కిరాయి ఎంతని అడుగుతారు. నేను మాత్రం మధ్యలో ఎన్ని చోట్ల దించుతారని అడుగుతాను. పార్ట్ లోడు అంటే మీ సరుకు ఒకే లారీలో నేరుగా వెళ్లడం కాదు. చిన్న బండి వచ్చి ఎత్తుకుపోతుంది, దగ్గరి గోడౌనులో దించుతారు, అదే దిక్కుకు పోయే పెద్ద లారీలో మళ్లీ ఎక్కిస్తారు, అవతలి గోడౌనులో మళ్లీ దించి, ఇంటికి చేర్చే బండిలోకి మారుస్తారు. రెండు గోడౌనులు ఉన్నాయంటే మొత్తం ఆరుసార్లు ఫోర్క్‌లిఫ్టు మీ యంత్రం కిందికి దూరుతుందన్న మాట. నేను తెప్పించుకున్న 640 కిలోల డ్రిల్లింగ్ యంత్రం ఇలాగే వచ్చింది. దాని అడుగు భాగంలో, పోత ఇనుము మూల దగ్గర, వేలెడంత పొడవున పగులు కనిపించింది; ఆ పగులు పక్కనే, నేల నుంచి సరిగ్గా ఫోర్కు దూరే ఎత్తులో, రంగు లేచిపోయి నున్నగా మెరుస్తున్న గీత ఉంది. దారిలోని గుంతలు అలాంటి గీత గీయవు. ఎవరో తప్పు వైపు నుంచి ఫోర్కులు పెట్టి, అవి పూర్తిగా లోపలికి పోకముందే ఎత్తబోయారు.

అందువల్ల మీకు నా సలహా, పార్ట్ లోడుకూ పూర్తి లారీకీ మధ్యనున్న మూడో దారి వెతకమని. సరుకు దించి ఖాళీగానో, సగం ఖాళీతోనో తిరిగి వెళ్లే లారీలు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో మీ యంత్రానికి చోటు దొరికితే ఒకసారి ఎక్కించడం, ఒకసారి దించడంతో పని అయిపోతుంది. దానికి బదులుగా తేదీ విషయంలో మీరు పట్టు విడవాలి. ఒక్క డ్రైవరు, రోజుకు తొమ్మిది గంటల డ్రైవింగు, గంటకు సగటున 60 నుంచి 65 కిలోమీటర్ల వేగం అని లెక్క వేసుకున్నా 1800 కిలోమీటర్లకు మూడు రోజులు దాటుతుంది; కనుక రెండు రోజుల్లో చేరుస్తామని ఎవరైనా ఒకే డ్రైవరుతో మాట ఇస్తే, ఆ మాటను నమ్మి క్రేను బుక్ చేయవద్దు. బేరం కుదిర్చేది మధ్యవర్తి అయితే, నిజంగా బండి నడిపే సంస్థ ఏది, లారీ నంబరు ఎంత అన్నవి లోడుకు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కిరాయి బరువు మీదే అనుకుంటే పొరపాటు. పెట్టె ఆక్రమించే చోటును కూడా బరువుగా మార్చి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. ఐరోపాలో రోడ్డు రవాణాలో ఒక ఘనమీటరును 333 కిలోలుగా లెక్కించడం మామూలు, మరికొన్ని చోట్ల వేరే అంకె ఉంటుంది. మీ పెట్టె 1.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు అయితే 1.8 ఘనమీటర్లు, అంటే దాదాపు 600 కిలోలు. మీ యంత్రం అసలు బరువు అంతకన్నా ఎక్కువ కాబట్టి మీకు నష్టం లేదు. నేనొకసారి 140 కిలోల రేకు గొట్టాలను 2.16 ఘనమీటర్ల పెట్టెలో పంపి, 719 కిలోలకు కిరాయి కట్టాను. ఇంకో మెలిక ఉంది: పెట్టె మీద వేరే సరుకు పెట్టకూడదని రాస్తే, లారీ పైకప్పు దాకా ఉన్న చోటంతా మీదేనని లెక్క కట్టవచ్చు. లేత్ విషయంలో ఆ ఖర్చు భరించడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక లేత్‌ను సిద్ధం చేయడం. ఇది పొడవుగా, సన్నగా, పైభాగం బరువుగా ఉండే యంత్రం. అందులోనూ బరువంతా హెడ్‌స్టాక్ వైపే, అంటే ముక్కను తిప్పే గేర్లు ఉండే కొస వైపే ఉంటుంది. క్యారేజీని (కోసే పనిముట్టును మోసే భాగం), టెయిల్‌స్టాక్‌ను (ముక్క రెండో కొసను ఆనించే భాగం) అవతలి కొసకు జరిపి బిగిస్తే బరువు కొంత సర్దుకుంటుంది. ఎత్తేటప్పుడు బెల్టులు బెడ్ (ఇవన్నీ కూర్చునే పొడవైన దిమ్మ) కింద నుంచి పోవాలి; లీడ్ స్క్రూకు (క్యారేజీని జరిపే పొడవైన మరకడ్డీ) గాని, పక్కనున్న కడ్డీలకు గాని తగిలితే అవి వంగిపోతాయి, ఆ వంపు యంత్రం నడిపే దాకా బయటపడదు. చక్‌ను (ముక్కను పట్టి ఉంచే భాగం) విప్పి వేరే పెట్టెలో పెట్టండి. గేర్ల పెట్టెలోని నూనె తీసేసి, నున్నగా చెక్కిన ఉపరితలాలన్నిటికీ గ్రీజు దట్టంగా పూయండి, ఎందుకంటే రాత్రి చల్లబడిన ఇనుము మీద పొద్దున తేమ చేరి, రెండు రోజుల్లోనే తుప్పు మరకలు తెస్తుంది. ఆ తరువాత యంత్రాన్ని కాళ్ల రంధ్రాల గుండా బోల్టులతో బలమైన చెక్క దుంగలకు బిగించాలి. ఆ దుంగలు ఫోర్కులు రెండు వైపుల నుంచీ సులువుగా దూరేటంత ఎత్తులో ఉండాలి. గురుత్వ కేంద్రం ఎక్కడుందో పెట్టె నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో గుర్తు పెట్టాలి. నా డ్రిల్లింగ్ యంత్రానికి ఆ గుర్తు లేదు. ప్లాస్టిక్ చుట్టడం దుమ్ము పడకుండా చేస్తుంది, అంతే. అది యంత్రాన్ని పట్టి ఉంచుతుందని ఎవరు చెప్పినా వినకండి.

లారీలో కట్టే విషయంలో ఒక లెక్క చెబుతాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకు, మలుపుల్లో 0.5 వంతు బలంతో పక్కలకు తోసుకుపోతుందని ఐరోపా ప్రమాణం ఈఎన్ 12195-1 లెక్కిస్తుంది. మీ 700 కిలోలకు ముందు వైపు 560 కిలోల తోపుడన్న మాట. చెక్క మీద చెక్క ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే 280 కిలోలు ఘర్షణే ఆపుతుంది, మిగతా 280 పట్టీలు ఆపాలి. ఇప్పుడు రాట్చెట్ పట్టీ (పిడి ఆడించి బిగించే పట్టీ) మీద కుట్టిన లేబులు చూడండి: ఎల్‌సీ అని పెద్ద అంకె, ఎస్‌టీఎఫ్ అని చిన్న అంకె ఉంటాయి. మొదటిది పట్టీ తట్టుకోగల లాగుడు, రెండవది చేత్తో బిగించినప్పుడు అందులో పుట్టే బిగువు. 2500 అన్న అంకె చూసి యంత్రం రెండున్నర టన్నులతో అదిమి ఉందనుకుంటాం, కానీ పైనుంచి వేసిన పట్టీ అదిమే బలం ఎస్‌టీఎఫ్ నుంచే వస్తుంది. అది దాదాపు 350 కిలోల బలం అయితే, రెండు వైపులా కలిపి 700, దానికి 0.4 ఘర్షణ కడితే 280. కాగితం మీద ఒక్క పట్టీ సరిగ్గా సరిపోయింది! అయితే పెట్టె మూల మీద వంగే చోట బిగువు తగ్గి అవతలి వైపుకు పూర్తిగా చేరదు; పట్టీ నేలతో 30 డిగ్రీల కోణంలో ఉంటే అదిమే బలం సగానికి పడిపోతుంది. కనుక మూడు పట్టీలకు తక్కువ వద్దు, పెట్టె ముందు భాగం లారీ ముందు గోడకు ఆని ఉండాలి, కింద రబ్బరు చాప వేయాలి. వెనక తలుపుల దగ్గర ఊపు ఎక్కువగా ఉంటుంది కాబట్టి కూడా ముందు భాగమే మంచిది. ఓ గంట ప్రయాణం తరువాత ఆగి పట్టీలు మళ్లీ బిగించమని డ్రైవరును అడగండి. తొలి గంటలోనే అవి వదులవుతాయి.

కాగితాల్లో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. ఆ డ్రిల్లింగ్ యంత్రం వచ్చిన రోజు వాన పడుతోంది, డ్రైవరు తొందర పెట్టాడు, పైన కప్పిన టార్పాలిన్ పట్టా విప్పకుండానే డెలివరీ రసీదు మీద సంతకం చేశాను. మూడు రోజులకు పరిహారం అడిగితే, సరుకు మంచి స్థితిలో ముట్టిందన్న వాక్యం కింద నా సంతకాన్నే నాకు తిరిగి పంపారు. సంతకానికి ముందు నాలుగు వైపులా చూడండి. దెబ్బ కనిపిస్తే ఏ మూల, ఎంత పొడవు అన్నది రసీదు మీదే రాసి, డ్రైవరు చేత కూడా సంతకం పెట్టించండి, ఫోటోలో లారీ నంబరు పడేలా చూడండి. తనిఖీ చేయాల్సి ఉంది అన్న ముక్తసరి మాట అక్కరకు రాదు. సరిహద్దులు దాటే రోడ్డు రవాణాకు 1956లో కుదిరిన సీఎంఆర్ ఒప్పందం పైకి కనిపించని దెబ్బలకు ఏడు రోజులు గడువు ఇస్తుంది, ఆదివారాలు, సెలవులు మినహాయించి. దేశం లోపలి రవాణాకు మీ రసీదు వెనుక ఉన్న నిబంధనల్లో గడువు ఎంతో లోడుకు ముందే చదవండి.

రవాణా సంస్థ బాధ్యతను చాలా చోట్ల సరుకు విలువ మీద కాక కిలోకు ఇంత అన్న పరిమితితో లెక్క కడతారు, కాబట్టి అరుదైన యంత్రానికి వచ్చే పరిహారం ఇనుప తుక్కు విలువకు దగ్గరగా ఉండవచ్చు. విడిగా సరుకు బీమా తీసుకోండి. అన్ని ప్రమాదాలకూ వర్తించే పాలసీలు కూడా నాసిరకం ప్యాకింగు వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి. అందుకే బోల్టులు బిగించిన దశ నుంచి పెట్టె మూసే దాకా తీసిన ఫోటోలన్నీ దాచి ఉంచండి.

ఇంతకీ అవతలి వైపు దించేది ఎవరు, దేనితో? కొత్త యజమానికి ఫోర్క్‌లిఫ్టు లేకపోతే వెనక లిఫ్టు ఉన్న లారీ కావాలి, ఆ లిఫ్టు మోయగల బరువు మీ పెట్టె మొత్తం బరువుకు మించి ఉండాలి, ఆయన షెడ్డు తలుపు వెడల్పు పెట్టె వెడల్పు కన్నా ఎక్కువ ఉండాలి. ఆ వివరాలు తెప్పించుకుని ఇక్కడ రాస్తే, పెట్టె ఏ దిక్కుగా ఎక్కించాలో చెప్పగలను.