టెక్ సందేహాలు: ఇంటి నెట్‌కి 30 ఎంబీపీఎస్ చాలదా?

*మా ఇంట్లో నలుగురం. ఒక స్మార్ట్ టీవీ, నాలుగు ఫోన్లు, అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకి ఒక ల్యాప్‌టాప్. జియోఫైబర్ 399కి 30 ఎంబీపీఎస్, ఎయిర్‌టెల్ 499కి 40 అంటున్నారు. మా వీధి కేబుల్ ఆపరేటర్ అన్నీ కలిపి 350కే 50 ఇస్తానంటున్నాడు. 100 ఎంబీపీఎస్ లేకపోతే దండగ అని మా తమ్ముడి మాట. ఏది తీసుకోవాలి? – నరసరావుపేట*

ముందు మీ తమ్ముడి మాట తేలుద్దాం. టీవీలో ఫుల్ హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. జూమ్ క్లాసు 3 నుంచి 4 వాడుతుంది. ఫోన్లో వీడియోకి 3 వేసుకోండి. టీవీ, క్లాసు, రెండు ఫోన్లు ఒకేసారి నడిచినా 15 దాటదు. అంటే 30లో సగం ఖాళీగానే ఉంటుంది. లెక్క మారేది 4కే (4K) అనే ఇంకా స్పష్టమైన వీడియో దగ్గర. దానికి ఒక్క టీవీయే 15 నుంచి 20 లాగుతుంది. అయితే టీవీ డబ్బా మీద 4కే అని ఉన్నంత మాత్రాన మీరు చూసేది 4కే కాదు. ఓటీటీలో తక్కువ ధర ప్లాన్ తీసుకుంటే చాలావరకు హెచ్‌డీతోనే ఆగిపోతుంది.

30కీ 100కీ తేడా బాగా తెలిసేది పెద్ద డౌన్‌లోడ్లలో. 50 జీబీ గేమ్ 30 ఎంబీపీఎస్‌లో దిగడానికి మూడున్నర గంటలు దాటుతుంది, 100లో గంటా పది నిమిషాల్లోపే అయిపోతుంది. ఇంట్లో గేములాడే పిల్లలుంటేనో, పెద్ద ఫైళ్లు పంపే ఉద్యోగం ఉంటేనో 100కి కట్టండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ అవసరం కనబడటం లేదు.

ఇక ధర. 399 అని ప్రకటనలో ఉంటుంది గానీ దాని మీద 18 శాతం జీఎస్టీ పడి 471 అవుతుంది, 499 అయితే 589. మీ కేబుల్ ఆపరేటర్ 350 నిజంగా అన్నీ కలిపే అయితే నెలకు 121 చొప్పున ఏడాదికి 1452 రూపాయలు మిగులుతాయి. చిన్న మొత్తమేం కాదు. కాబట్టి లోకల్ వాళ్లని చూడకుండానే కొట్టిపారేయొద్దు. వైరు తెగితే గంటలో నిచ్చెన వేసుకుని వచ్చేది చాలా ఊళ్లలో వాళ్లే. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలా చోట్ల ఇలాంటి స్థానిక భాగస్వాముల చేతుల మీదుగానే ఇంటికి వస్తుంది. అందుకే ఒకే కంపెనీకి ఒక వీధిలో మంచి పేరు, పక్క వీధిలో తిట్లు.

ఒప్పుకునే ముందు ఆపరేటర్‌ని కొన్ని సంగతులు అడగండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంటుందా, యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో మీరు లాగిన్ అయితే ప్లాన్ వేగం, గడువు కనిపిస్తాయా? బిల్లు ఇస్తారా? పెట్టే రూటర్ మీదా, వాళ్లదా? డిపాజిట్ అయితే రసీదుందా? నెలవారీ డేటా హద్దు దాటాక వేగం ఎంతకి పడిపోతుంది? ఈ ఆఖరిది అడిగేవాళ్లు తక్కువ. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో హద్దు మామూలుగా 3300 జీబీ, రోజుకి సుమారు 110. రోజూ ఐదు గంటలు హెచ్‌డీ టీవీ చూసి, ఫోన్లు కూడా కలిపినా నెలకు 600 జీబీ దగ్గరే ఆగుతారు. కానీ లోకల్ ప్లాన్లలో 300, 500 జీబీ హద్దులు పెట్టి, అది దాటగానే నడవలేని వేగానికి దించేవీ ఉంటాయి. ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే.

అన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష మరొకటి ఉంది. అదే ఆపరేటర్ నెట్ వాడుతున్న పక్కింటివాళ్లని అడిగి రాత్రి తొమ్మిది, పదింటి మధ్య రూటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున పదకొండింటికి అందరి నెట్టూ బాగానే ఉంటుంది. ఒక ఫైబర్ పోగుని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, ఊళ్లోంచి బయటికి వెళ్లే లైను కూడా అందరిదీ ఒకటే. వీధంతా టీవీల ముందు కూర్చునే వేళకి 50 కాస్తా 12కి పడితే ఆ ప్లాన్ 50ది కాదు, 12దే. 35, 40 దగ్గర నిలబడితే కళ్లు మూసుకుని 350ది తీసుకోండి. నిలబడకపోతే 399ది. 100 జోలికి ఇప్పుడు వెళ్లకండి, కావాలంటే తర్వాత ఫోన్లోనే పెంచుకోవచ్చు.

*ఆరు నెలలకి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం, ఏడాదికి కడితే అదనంగా కొన్ని రోజులు ఇస్తామంటున్నారు. లాభమేనా? – కడప*

వైరు పనితనం తెలియకుండా ఏడాది డబ్బు ముందే కట్టొద్దు. అద్దె ఇల్లయితే అసలే వద్దు. మధ్యలో ఇల్లు మారితే కొత్తచోట ఆ కంపెనీ లైను ఉండాలన్న రూలేం లేదు, మిగిలిన నెలల డబ్బు వెనక్కి రావడం గగనం. ఇన్‌స్టలేషన్‌కి వెయ్యి అడుగుతున్నారనుకుంటే, మూడు నెలల ప్లాన్ మీద అది తగ్గిస్తారేమో బేరమాడండి. వీధిలో ఇద్దరు ముగ్గురు పోటీదారులుంటే తగ్గిస్తారు.

*నెలకు 825 కట్టి 100 ఎంబీపీఎస్ తీసుకున్నాను. బెడ్‌రూమ్‌లో ఫోన్లో 35కి మించి రావడం లేదు. కంపెనీవాళ్లు మా వైపు సరిగానే ఉందంటున్నారు. మోసమేనా? – హనుమకొండ*

వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి, వివరాల్లో ‘లింక్ స్పీడ్’ ఎంతుందో చూడండి. 72 ఎంబీపీఎస్ అని ఉంటే మీ జబ్బు దొరికినట్టే. వైఫై తరంగాల్లో నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఫోను అంతకు మించి మాట్లాడటం లేదన్నమాట. అందులో సగం పైచిలుకే నిజమైన వేగంగా చేతికొస్తుంది, పక్క ఫ్లాట్ల వైఫైలు అదే చానెల్లో గోల చేస్తుంటే ఇంకా తక్కువ. మీ 35 లెక్క అక్కడ సరిపోయింది. అదే 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే లింక్ స్పీడ్ 433 అనో 866 అనో కనిపిస్తుంది.

ఇప్పుడు రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. 5జీ (మొబైల్ 5జీ కాదు) అనో 5 గిగాహెర్ట్జ్ అనో రెండో వైఫై పేరు ఉంటే ఫోన్‌ని దానికి కలపండి. ఒకే పేరుంటే అది 2.4 మాత్రమే ఉన్న సింగిల్ బ్యాండ్ రూటర్ కావచ్చు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి సింగిల్ బ్యాండ్ రూటర్ అంటగట్టి వెళ్లడం మాత్రం అన్యాయమే, మార్చమని గట్టిగా అడగండి.

అసలు వేగం తేలాలంటే ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి కొలవండి. 92, 94 వస్తే లైను సరిగ్గా ఉంది. రూటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే అంతకు మించి రాదు కూడా. 200, 300 ప్లాన్ పెట్టుకున్నా కేబుల్ మీద 94 దగ్గరే ఆగేవాళ్లు చూడాల్సింది రెండు చోట్ల: పోర్టు గిగాబిట్‌దో కాదో, కేబుల్‌లోని ఎనిమిది తీగలూ క్లిప్పులో సరిగ్గా దిగాయో లేదో. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, ఒకటి ఊడితే వేగం 100కి జారిపోతుంది.

5 గిగాహెర్ట్జ్‌కి ఉన్న లోపం గోడలు. రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసపడుతుంది. రూటర్‌ని టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో, నేల మీదో పెట్టకుండా ఇంటి నడిమధ్యకి, తలెత్తులోకి తెండి. అప్పటికీ బెడ్‌రూమ్‌కి అందకపోతే ప్లగ్గుకి గుచ్చే రిపీటర్ కొనకండి. అందుకున్నదాన్నే మళ్లీ గాల్లోకి వదులుతుంది కాబట్టి చౌకరకాల్లో వేగం సగమైపోతుంది. హాల్ నుంచి బెడ్‌రూమ్‌కి క్యాట్ 6 కేబుల్ లాగి, అక్కడ ఒక డ్యూయల్ బ్యాండ్ రూటర్ పెట్టండి. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చితే చాలు. ఆ మోడ్ లేని పాత రూటరైతే ముందు దాని అడ్రస్‌ని 192.168.1.2 లాంటిదానికి మార్చి, ఫోన్లకి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ని వాన్ పోర్టుకి కాకుండా ల్యాన్ పోర్టుకి గుచ్చాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రూటర్లకీ ఒకటే పెడితే ఫోను తనంతట తనే మారుతుంది.

*మా ఊరికి ఫైబర్ రాలేదు. 5జీ సిగ్నల్ మాత్రం బాగుంది. ఎయిర్‌ఫైబర్ తీసుకోవచ్చా? – కామారెడ్డి జిల్లా*

తీసుకోవచ్చు, కాకపోతే ఫైబర్‌తో సమానం అనుకోకండి. డాబా మీద పెట్టే డబ్బా టవర్ నుంచి 5జీ అందుకుని కేబుల్ ద్వారా ఇంట్లో రూటర్‌కి ఇస్తుంది. టవర్ మీద ఫోన్ల రద్దీ పెరిగితే మీ వేగం తగ్గుతుంది. డేటా హద్దు కూడా చాలావరకు 1000 జీబీయే. హెచ్‌డీకి ధారాళంగా సరిపోతుంది గానీ, గంటకి 7 జీబీ చొప్పున రోజూ ఐదారు గంటలు 4కే చూస్తే నెల తిరక్కుండానే అయిపోతుంది. పెట్టించుకునే ముందు డాబా మీద అదే కంపెనీ 5జీ సిమ్‌తో రాత్రిపూట టెస్ట్ చేసి చూడండి. మధ్యలో వేపచెట్టో, కొత్తగా లేస్తున్న అంతస్తో ఉంటే డబ్బా దిశ మార్చమనండి. ఊళ్లోకి ఫైబర్ వచ్చిన రోజున మారిపోండి. అందుకే దీనికి కూడా ఏడాది చెల్లింపు వద్దంటాను.

*కరెంటు పోయిన ప్రతిసారీ నెట్ పోతోంది. ఇన్వర్టర్ ఉన్నా రూటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతోంది. – మచిలీపట్నం*

ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే ఆ లిప్తపాటులోనే రూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ వైపు తిప్పి చూడండి, చాలామందికి ఖర్చు లేకుండా అక్కడే తీరిపోతుంది.

ఇన్వర్టర్ లేనివాళ్లు రూటర్ మినీ యూపీఎస్ కొనుక్కోవచ్చు. ముందు అడాప్టర్ మీద రాసింది చదవండి. ఎక్కువగా 12 వోల్టులు, 1 ఆంపియర్ ఉంటుంది, కొన్ని 9 వోల్టులవీ ఉంటాయి. 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు యూపీఎస్‌లో ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు కూడా చూసుకోవాలి, లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లదీ 2.5దీ చూపుకి ఒకేలా ఉంటాయి.

ఎంతసేపు వస్తుందో ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. డబ్బా మీద 6000 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని 3.7 వోల్టులతో హెచ్చించండి, 22 వాట్ అవర్లు. మార్పిడిలో కొంత పోగా 18 మిగులుతుంది. రూటర్ 7 వాట్లు తింటే రెండున్నర గంటలు. ‘8 గంటల బ్యాకప్’ అన్న ప్రకటనని ఈ తూకంలో వేసి చూడండి. ఇంత చేసినా నెట్ రాకపోతే తప్పు మీది కాదు, స్తంభం మీద ఆపరేటర్ పెట్టిన నెట్‌వర్క్ స్విచ్‌కి, అంటే ఇళ్లకి లైన్లు పంచే డబ్బాకి, బ్యాటరీ లేకపోవచ్చు. పూర్తి ఫైబర్ లైనులో దారి మధ్య కాంతిని పంచే స్ప్లిట్టర్‌కి కరెంటే అక్కర్లేదు, ఇంకా పాత ల్యాన్ వైరు లాగే ఆపరేటర్ల దగ్గరే ఈ బాధ ఎక్కువ.

*వాన పడితే చాలు రూటర్ మీద లాస్ అనే ఎర్ర లైటు వస్తోంది. కుర్రాడొచ్చి ఏదో చేసి పోతాడు, మళ్లీ మామూలే. – గుంటూరు*

ఎర్ర లైటు అంటే మీ డబ్బాకి ఫైబర్‌లోంచి కాంతి చాలినంత అందడం లేదని. ఎంత అందుతోందో మీరే చూడవచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, రూటర్ అడుగున ఉన్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, స్టేటస్‌లో పాన్ (PON) లేదా ఆప్టికల్ అనే పేజీ వెతకండి. అక్కడ ఆర్‌ఎక్స్ పవర్ అని మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 వరకు దిగుల్లేదు. మైనస్ 27 దాటితే లైను తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది. ఎండ రోజున ఒకసారి, వాన రోజున ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి. మైనస్ 19 ఉన్నది వానలో మైనస్ 26 అయితే వచ్చే కాంతి అయిదో వంతుకి పడిపోయినట్టు. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది స్తంభం మీది జాయింట్ బాక్స్‌లోకి నీళ్లు దిగుతున్నాయని, లేదా చేత్తో బిగించిన కనెక్టర్ వదులైందని. ఎండలోనూ వానలోనూ ఒకే చెడ్డ అంకె ఉంటే మాత్రం గోడ మూల దగ్గర మేకుకి చుట్టి వైరు మరీ మెలిపెట్టారేమో చూడండి.

కుర్రాడు వచ్చినప్పుడు ఆ రెండు ఫొటోలూ చూపించి, కనెక్టర్ మార్చడంతో సరిపెట్టకుండా మెషిన్‌తో ఫైబర్ కొసల్ని కరిగించి అతికే స్ప్లైసింగ్ చేయమనండి, బాక్స్ మూత సీల్ చేయమనండి. పని అయ్యాక అంకె మళ్లీ చూసి గానీ పంపొద్దు. ఊడదీసిన ఫైబర్ కొసలోకి తొంగి చూడకండి, ఆ లేజర్ కంటికి కనబడదు గానీ హాని చేస్తుంది. ఆకుపచ్చ కొస ఉన్న కనెక్టర్‌ని నీలం సాకెట్‌లో గుచ్చడం కూడా కాంతిని పాడు చేస్తుంది.

ఫిర్యాదు ప్రతిసారీ ఫోన్లో మాటగా కాకుండా కస్టమర్ కేర్‌లో నమోదు చేయించి డాకెట్ నంబర్ తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు, దానికి రుసుం లేదు. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ డాకెట్ నంబర్లు, రెండు ఫొటోలు అప్పుడు అక్కరకొస్తాయి.